బ్రౌజరు ఉచితమే, చోటుకే ఖరీదు

(కంప్యూటర్ సైన్స్, కామర్స్ విద్యార్థుల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసల దాకా వినబడుతోందా? సరే.

ఒక లెక్కతో మొదలుపెడతాను. 2022లో గూగుల్ కంపెనీ యాపిల్‌కి 2,000 కోట్ల డాలర్లు కట్టింది. ఆ ఒక్క ఏడాదికే. ఇది ఎవరో చెప్పుకున్న మాట కాదు, అమెరికాలో గూగుల్ మీద నడిచిన గుత్తాధిపత్యం కేసులో బయటపడ్డ లెక్క. ఐఫోన్‌లో సఫారీ, అంటే వెబ్ పేజీలు చూపించే బ్రౌజరు, తెరిచి మీరేదైనా టైపు చేస్తే, అది గూగుల్‌లో వెతికేలా ముందే అమర్చిపెట్టినందుకు ఆ డబ్బు. సఫారీలో జరిగే వెతుకులాటల మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో 36 శాతం యాపిల్‌కి వెళ్తుందని కూడా అదే విచారణలో తేలింది. యాపిల్ దీనికోసం ప్రత్యేకంగా చేసే పనేమీ లేదు. ఆ టైపు చేసే పెట్టె వెనక ఎవరుండాలో నిర్ణయించడమే.

ఇప్పుడు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీలో ఎవరైనా బ్రౌజరుకి డబ్బు పెట్టారా? లేదు కదా. మీ ఇంట్లో ఎవరైనా? వాళ్లూ లేదు. సరే, ఇంకొకటి. మీ ఫోన్‌లో ఉన్న బ్రౌజరుని మీరే వెతికి, పోల్చి చూసి, దించుకున్న వాళ్లు ఎంతమంది? ఒకటి, రెండు... అటు నాలుగు. ఇంతమందిలో పది చేతులు కూడా లేవలేదు. కామర్స్ వాళ్లు ఈ చేతుల్ని గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆ 2,000 కోట్ల డాలర్లు లేవని చేతుల కోసం కట్టినవే.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బస్టాండు ఎదురుగా ఉన్న టీకొట్టుకి టీ బాగుంటుందని ఎవరూ వెళ్లరు, బస్సు దిగగానే అది కనబడుతుంది కాబట్టి వెళ్తారు. బ్రౌజర్ల పోటీ అంతా ఆ చోటు కోసమే. టీ రుచి, అంటే సరుకు నాణ్యత, ఎప్పుడు పనికొస్తుందంటే ఆ చోట్లో ఉన్నవాడు కునుకు తీసినప్పుడు. గత ముప్పై ఏళ్లలో అలాంటి కునుకులు రెండు మూడే పట్టాయి. ఎదిగిన వాళ్లందరూ ఆ సందులో ఎదిగినవాళ్లే.

మొదటి కథ నెట్‌స్కేప్‌ది. మీరు పుట్టకముందు సంగతి. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1993లో మొజాయిక్ అనే బ్రౌజరు తయారైంది. బొమ్మల్ని అక్షరాల మధ్యలోనే చూపించి, మామూలు జనానికి వెబ్ అంటే ఏమిటో రుచి చూపించింది అదే. దాన్ని రాసిన వాళ్లలో ఒకడైన మార్క్ ఆండ్రీసన్, జిమ్ క్లార్క్‌తో కలిసి 1994లో పెట్టిన కంపెనీయే నెట్‌స్కేప్. 1995 ఆగస్టు 9న షేర్లు మార్కెట్లోకి వచ్చాయి. 28 డాలర్లకి ఇచ్చిన షేరు ఆ రోజు సాయంత్రానికి 58 దాటి ముగిసింది. అప్పటికి కంపెనీకి లాభాలు లేవు! స్టార్టప్ అంటే లాభం లేకపోయినా ఫరవాలేదన్న ధీమా ఆ రోజు నుంచే మొదలైందని చాలామంది అంటారు, నేనూ ఒప్పుకుంటాను.

వాళ్ల ఎత్తు ఏమిటంటే, విద్యార్థులకీ సొంతానికి వాడుకునే వాళ్లకీ దాదాపు ఉచితంగా వదిలేయడం, కంపెనీల దగ్గర లైసెన్సు డబ్బు, సర్వర్ సాఫ్ట్‌వేర్ డబ్బు వసూలు చేయడం. జనం అలవాటు పడితే ఆఫీసు కొంటుంది. బాగానే నడిచింది. అయితే 1995 మే నెలలోనే బిల్ గేట్స్ తన వాళ్లకి ఇంటర్నెట్ మీద ఒక పొడుగాటి మెమో రాశాడు. ఇక మన పనంతా దీని చుట్టూనే అని దాని సారాంశం. మైక్రోసాఫ్ట్ దగ్గర అప్పటికి సొంత బ్రౌజరు లేదు. స్పైగ్లాస్ అనే కంపెనీ దగ్గర మొజాయిక్ లైసెన్సు తీసుకుని, దాని మీదే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కట్టింది. స్పైగ్లాస్ వాళ్లు అమ్మకాల్లో వాటా వస్తుందనుకున్నారు. మైక్రోసాఫ్ట్ దాన్ని ఉచితంగా ఇచ్చేసింది. సున్నాలో వాటా ఎంత? సున్నా! చివరికి గొడవపడితే 1997లో 80 లక్షల డాలర్లు ఇచ్చి సర్దుకున్నారు. కాంట్రాక్టు ఎలా రాసుకోకూడదో కామర్స్ విద్యార్థులకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

కానీ ఉచితంగా ఇవ్వడం వల్లే మైక్రోసాఫ్ట్ గెలిచిందనుకుంటే పొరపాటు. అసలు సంగతి 1996 మార్చి నెలలో రెండు రోజుల్లో జరిగింది. అప్పట్లో అమెరికాలో ఇంటింటికీ ఇంటర్నెట్ అందించే పెద్ద కంపెనీ ఏఓఎల్. మార్చి 11న ఏఓఎల్, నెట్‌స్కేప్‌తో ఒప్పందం ప్రకటించింది. నెట్‌స్కేప్ వాళ్లు పండగ చేసుకున్నారు. మర్నాడు, మార్చి 12న, అదే ఏఓఎల్ మైక్రోసాఫ్ట్‌తో ఇంకో ఒప్పందం ప్రకటించింది. తమ చందాదారులకి అసలు బ్రౌజరుగా వెళ్లేది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అట! ఒక్క రాత్రిలో ఏం మారింది? విండోస్ డెస్క్‌టాప్ మీద ఏఓఎల్ గుర్తు పెట్టడానికి మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంది. నెట్‌స్కేప్ ఎంత డబ్బు పెట్టినా ఇవ్వలేనిది అదొక్కటే. పైగా మైక్రోసాఫ్ట్‌కి అప్పుడు ఎంఎస్‌ఎన్ అని ఏఓఎల్‌కి పోటీ సర్వీసు ఉంది. సొంత సర్వీసుకి నష్టమని తెలిసీ పోటీవాడిని తన డెస్క్‌టాప్ మీద కూర్చోబెట్టింది. బ్రౌజరు వాటా అంత ముఖ్యం దానికి. మరుసటి ఏడాది యాపిల్‌లో 15 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టినప్పుడూ అంతే. మాక్ కంప్యూటర్లలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే డిఫాల్టు, అంటే ముందే అమర్చి ఉండేది, అని స్టీవ్ జాబ్స్ వేదిక మీద ప్రకటిస్తే, సొంత అభిమానులే కేకలేసి గోల చేశారు.

1997లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ నాలుగో వెర్షన్ విడుదలైన రాత్రి, మైక్రోసాఫ్ట్ కుర్రాళ్లు పెద్ద "ఇ" అక్షరం బొమ్మని తీసుకెళ్లి నెట్‌స్కేప్ ఆఫీసు ముందు పచ్చికలో పెట్టి వచ్చారు. నెట్‌స్కేప్ వాళ్లు దాన్ని పడదోసి, తమ రాక్షసబల్లి బొమ్మని దాని మీద నిలబెట్టి, మెడలో "నెట్‌స్కేప్ 72, మైక్రోసాఫ్ట్ 18" అని బోర్డు తగిలించారు. అప్పటి వాటాలవి. ఏడాది తిరిగాక, 1998 నవంబరులో, ఆ నెట్‌స్కేప్‌ని కొంటున్నట్టు ప్రకటించింది ఎవరనుకున్నారు? ఏఓఎల్! 420 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చి. కొన్న తర్వాత కూడా తమ చందాదారులకి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే ఇస్తూ పోయింది. (నవ్వులు)

నెట్‌స్కేప్‌కి గాలి అందకుండా చేస్తామని మైక్రోసాఫ్ట్ పెద్దలు అన్నారని ఇంటెల్ అధికారి ఒకాయన కోర్టులో సాక్ష్యం చెప్పాడు. 1998 మేలో అమెరికా ప్రభుత్వం వేసిన కేసు అది. 2000లో జడ్జి కంపెనీని రెండు ముక్కలు చేయమన్నాడు, 2001లో పైకోర్టు ఆ ముక్కల సంగతి కొట్టేసింది. చట్టాన్ని ఉల్లంఘించిందన్న మాట మాత్రం చాలావరకు అలాగే నిలిచింది. అప్పటికి నెట్‌స్కేప్ పనయిపోయింది. కోర్టులు ఈ రంగంలో ఎప్పుడూ ఆట అయిపోయాకే వస్తాయి. మళ్లీ చెబుతాను దీని గురించి.

ఇక కునుకు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది 2001 ఆగస్టులో. ఏడో వెర్షన్ ఎప్పుడొచ్చిందో తెలుసా? 2006 అక్టోబరు. అయిదేళ్లు! వెయ్యిమంది పైగా పనిచేసిన జట్టు అది, పోటీ లేదనగానే కొద్దిమంది మిగిలారు. వాటా 90 శాతం దాటి ఉంది, ఎవడొస్తాడు? మన నెట్ సెంటర్లలో గంటకి ఇంత అని కట్టి కూర్చునేవాళ్లం, నీలం "ఇ" గుర్తు నొక్కితే అదే ఇంటర్నెట్. బ్రౌజరు అనే మాటే చాలామంది వినలేదు. మన ప్రభుత్వ టెండర్ల సైట్లు, డిజిటల్ సంతకం పెట్టాల్సిన సైట్లు ఆ బ్రౌజరులో తప్ప తెరుచుకునేవి కావు. ఆ సైట్లు తెరవడానికే ఆఫీసులో ఒక పాత కంప్యూటరుని అలాగే ఉంచిన వాళ్లు నాకు తెలుసు.

నెట్‌స్కేప్ చనిపోయే ముందు ఒక పని చేసింది. 1998 మార్చి 31న తన కోడ్ అంతా జనానికి వదిలేసింది. దాన్ని పట్టుకుని మొజిల్లా అని ఒక గుంపు బయల్దేరింది. 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది. ట్యాబులు, అడగకుండా ఎగిరొచ్చే ప్రకటనల్ని ఆపడం, యాడ్-ఆన్లు, అంటే బయటివాళ్లు రాసి బ్రౌజరుకి తగిలించే చిన్న ముక్కలు. దీనికి విండోస్ లేదు, ఏఓఎల్ లేదు, ప్రకటనల బడ్జెట్ లేదు. వాడినవాళ్లే ప్రచారం చేశారు. ఆ డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్‌లో రెండు పేజీల ప్రకటన వేశారు, చందాలిచ్చిన దాదాపు పదివేల మంది పేర్లు అందులో చిన్న అక్షరాల్లో అచ్చేసి. 2008 జూన్‌లో మూడో వెర్షన్ వచ్చినప్పుడు ఒక్క రోజులో 80,02,530 డౌన్‌లోడ్లతో గిన్నిస్ రికార్డు కొట్టారు.

ఇక్కడ మన తెలుగు వాళ్ల సంగతి కొంచెం చెప్పుకోవాలి. అప్పట్లో చాలా తెలుగు పత్రికల సైట్లు యూనికోడ్‌లో, అంటే అన్ని కంప్యూటర్లకీ ఒకేలా అర్థమయ్యే అక్షరాల పద్ధతిలో, ఉండేవి కావు. ఒక్కొక్కరిదీ ఒక్కో ఫాంటు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్లో ఆ ఫాంటు తనంతట తాను దిగేది, తెలుగు కనబడేది. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే తెలుగు బదులు చుక్కలు, టోపీలు పెట్టుకున్న ఫ్రెంచి అక్షరాల్లాంటివేవో వచ్చేవి. అంటే తెలుగు చదవాలంటే నీలం "ఇ" తప్పదు. దీనికి విరుగుడుగా ఫైర్‌ఫాక్స్‌కి 'పద్మ' అని ఒక యాడ్-ఆన్ వచ్చింది. పేజీ తెరుచుకోగానే ఆ ఫాంట్ల అక్షరాల్ని యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. ఆ రోజుల్లో తెలుగు బ్లాగులు రాసేవాళ్లందరికీ పద్మ తెలుసు. పత్రిక వాళ్లు తమ సైటు మార్చలేదు, మైక్రోసాఫ్ట్ ఏమీ చేయలేదు, బయటివాళ్లు రాసిన ఒక చిన్న ముక్క ఆ గోడకి కన్నం పెట్టింది. అలాగని ఫైర్‌ఫాక్స్ గొప్పలే చెప్పను. దాని రెండో వెర్షన్లో, పేరాని రెండు వైపులా సమానంగా సర్దితే తెలుగు ఒత్తులు, గుణింతాలు విడిపోయి చెల్లాచెదురుగా కనబడేవి. మీ బ్లాగులో ఆ 'జస్టిఫై' తీసేయండి బాబూ అని కామెంట్లు పెట్టుకునేవాళ్లం. మూడో వెర్షన్లో సర్దుకుంది.

2009 చివరికి ఫైర్‌ఫాక్స్ వాటా ప్రపంచంలో మూడో వంతు దరిదాపుల్లోకి వచ్చింది. మరి దాన్ని ఎవరు పోషించారు? గూగుల్. వెతికే పెట్టెలో గూగుల్‌ని పెట్టినందుకు వచ్చే డబ్బే మొజిల్లాకి తిండి. ఇప్పటికీ వాళ్ల రాబడిలో ఎక్కువ భాగం అదే. పోటీదారుని పోటీదారే పోషించడం ఈ వ్యాపారంలో వింతేం కాదు.

ఇంకో సందు ఫోన్లలో దొరికింది. నార్వేలో ఒపెరా అనే కంపెనీ. దాని అధిపతి యాన్ ఫాన్ టెష్నర్, 2005లో ఎనిమిదో వెర్షన్ నాలుగు రోజుల్లో పది లక్షల డౌన్‌లోడ్లు దాటితే నార్వే నుంచి అమెరికాకి ఈదుకుంటూ వెళ్తానన్నాడు. దాటేసింది! పాపం నీళ్లలోకి దిగాడు, కాసేపటికే వెనక్కి వచ్చాడు. కంప్యూటర్లలో వీళ్ల వాటా ఎప్పుడూ చిన్నదే. కానీ ఒపెరా మినీ మన దేశంలో వేరే కథ.

మీ అన్నయ్యల్ని, అక్కయ్యల్ని అడగండి. నోకియా ఫోన్, చిన్న తెర, నంబర్ల బటన్లు, 2జీ, రీచార్జ్ చేసిన ఎంబీలు లెక్కపెట్టుకుంటూ వాడటం. ఆ ఫోన్‌కి పేజీని మొత్తం తెచ్చుకుని బొమ్మగా గీసే శక్తి లేదు. ఒపెరా మినీ ఏం చేసేదంటే, మీరడిగిన పేజీని ఒపెరా వాళ్ల సర్వరే తెచ్చుకుని, విప్పి, కుదించి, ఎంతో చిన్న మూటగా కట్టి ఫోన్‌కి పంపేది. డేటా 90 శాతం దాకా తగ్గేది. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. మీ పాస్‌వర్డ్ కూడా ఆ సర్వర్లో విప్పుకునే వెళ్లేది, బ్యాంకు పనికి అంత మంచిది కాదు. కానీ రూపాయి రూపాయి చూసుకునేవాడికి ఆ గొడవ ఎందుకు పడుతుంది?

తెలుగు విషయానికొస్తే, ఆ ఫోన్లలో తెలుగు ఫాంటే ఉండదు. పేజీ నిండా ఖాళీ డబ్బాలు. అప్పుడు ఒక చిట్కా నోటి మాటగా పాకింది. అడ్రస్ పెట్టెలో "ఒపెరా, కోలన్, కాన్ఫిగ్" అని కొట్టాలి. ఒక సెట్టింగుల పేజీ వస్తుంది. కిందికి వెళ్తే, క్లిష్టమైన లిపులకి బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడమంటారా అని ఒక వరస. దాన్ని 'అవును' చేసి సేవ్ చేయాలి. అంతే. తర్వాత నుంచి సర్వరే తెలుగు అక్షరాల్ని బొమ్మలుగా గీసి పంపేది. డేటా కొంచెం ఎక్కువ ఖర్చు, కాపీ చేయడం కుదరదు, కానీ తెలుగు తెలుగులా కనబడేది! రెండు అంగుళాల తెర మీద తెలుగు చదివిన మొదటి అనుభవం చాలామందికి ఆ సెట్టింగు పుణ్యమే. నార్వేలో ఎవరో ఇంజనీరు ఆ ఒక్క వరస పెట్టాడు, మన ఊళ్లలో దాని బలంతో ఒపెరా ఎదిగింది.

తర్వాత అదే దారిలో చైనా నుంచి యూసీ బ్రౌజర్ వచ్చింది. 2014లో ఆలీబాబా దాన్ని కొనేసింది. కుదింపుతో పాటు మధ్యలో ఆగిన డౌన్‌లోడ్‌ని మళ్లీ అక్కడి నుంచే కొనసాగించడం, క్రికెట్ స్కోర్లు, మన భాషల్లో వార్తలు, చవక ఆండ్రాయిడ్ ఫోన్లలో ముందే ఎక్కించి ఇవ్వడం. ఒక దశలో, 2016 ప్రాంతంలో, బ్రౌజర్ల వాడకాన్ని లెక్కగట్టే స్టాట్‌కౌంటర్ సంస్థ ప్రకారం మన దేశపు మొబైల్ బ్రౌజర్లలో దాదాపు సగం అదే. క్రోమ్ కూడా దాని వెనకే!

మరి ఏమైంది? 2020 జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లని నిషేధించింది, అందులో ఇదీ పోయింది. అందరూ అదే కారణం చెబుతారు. నేనైతే తేదీని 2016 సెప్టెంబరు 5కి జరుపుతాను. జియో మొదలైన రోజు. డేటా ఉచితమైనప్పుడు డేటా మిగిల్చే బ్రౌజరు ఎవడిక్కావాలి? ఎంబీలు లెక్కపెట్టడం మానేశాక, ఫోన్లో ముందే కూర్చుని ఉన్నది ఏదో అదే మిగులుతుంది. అది క్రోమ్. నిషేధం వచ్చేనాటికే యూసీ చాలా జారిపోయింది.

ఇప్పుడు క్రోమ్ దగ్గరికి వద్దాం. గూగుల్‌కి బ్రౌజరు ఎందుకు? భయం. 2006లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7లో వెతికే పెట్టె పెట్టి, దాని వెనక మైక్రోసాఫ్ట్ తన ఎంఎస్‌ఎన్ సెర్చిని డిఫాల్టు చేసింది. గూగుల్ వెంటనే అమెరికా న్యాయ శాఖ తలుపు తట్టింది. అప్పటికి సుందర్ పిచై చూస్తున్నది గూగుల్ టూల్‌బార్. పరాయి బ్రౌజర్లో ఒక పట్టీలా అతుక్కుని, వెతికే పెట్టెని మన చేతిలో ఉంచుకునే ఏర్పాటు. పరాయి ఇంట్లో ఎన్నాళ్లని? 2008 సెప్టెంబరు 2న క్రోమ్ వచ్చింది. పరిచయం కోసం స్కాట్ మెక్‌క్లౌడ్ అనే బొమ్మల కథల కళాకారుడితో ఒక కామిక్ పుస్తకం వేయించారు.

సరుకు నిజంగానే బాగుంది, కాదనను. ఒక ట్యాబు కూలిపోతే మిగతావి కూలకుండా, ఒక్కోదాన్ని వేరే ప్రాసెస్‌గా నడపడం. డెన్మార్క్‌లో లార్స్ బాక్ జట్టు రాసిన వీ8 అనే ఇంజను, వెబ్ పేజీల్లో ఉండే జావాస్క్రిప్ట్ కోడ్‌ని నడిపేది. కానీ సరుకు బాగున్నవి ఇంతకు ముందూ వచ్చాయి. క్రోమ్ ఎదిగిన తీరు చూడండి. గూగుల్ మొదటి పేజీలో, ఎవరికీ ఎంత డబ్బుకీ ప్రకటన ఇవ్వని ఆ తెల్లటి పేజీలో, క్రోమ్ దించుకోండి అని ఒక వరస. అడోబీ ఫ్లాష్ దించుకుంటుంటే పక్కన ముందే టిక్కు పెట్టిన చిన్న గడి, అది తీయకపోతే క్రోమ్ కూడా దిగిపోయేది. సోనీ లాంటి కంప్యూటర్ల కంపెనీలతో ఒప్పందాలు. జీమెయిల్లోకి వెళ్తే క్రోమ్, యూట్యూబ్‌లోకి వెళ్తే క్రోమ్. నాకు బాగా నచ్చినది మాత్రం వీటన్నిటికంటే నిశ్శబ్దంగా జరిగింది: అప్‌డేట్. ఫైర్‌ఫాక్స్ ప్రతిసారీ అడిగేది, చేయనా, ఇప్పుడా, తర్వాతా అని. క్రోమ్ అడగదు. చేసేసుకుంటుంది. 2010లో ఆరు వారాలకొక వెర్షన్ పద్ధతి మొదలుపెట్టింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 ఏళ్ల తరబడి జనాన్ని వదలలేదు, క్రోమ్‌లో పాత వెర్షన్ అనే సమస్యే ఉండదు. వెబ్‌సైట్లు రాసేవాళ్లకి ఇది ఎంత హాయో చెప్పలేను. డెవలపర్లు క్రోమ్ వైపు తిరిగారు, వాళ్లు రాసిన సైట్లు క్రోమ్‌లో ముందు పరీక్షించారు, మిగతావాటిలో చిన్న చిన్న తేడాలు మిగిలాయి. జనం ఏమన్నారు? "ఈ బ్రౌజర్లో సరిగా రావట్లేదు" అన్నారు.

2009లో జరిగిన ఒక సంగతి చెప్పి ముందుకెళ్తాను. యూట్యూబ్‌లో కొందరు ఇంజనీర్లు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 కోసం రాసి రాసి విసిగిపోయారు. పైవాళ్లకి చెప్పకుండా, ఆ బ్రౌజరుతో వచ్చినవాళ్లకి మాత్రం, మీ బ్రౌజరుకి త్వరలో మద్దతు ఆపేస్తున్నాం అని పట్టీ పెట్టేశారు. కింద క్రోమ్, ఫైర్‌ఫాక్స్, కొత్త ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ లింకులు. కంపెనీ లాయర్లు పరిగెత్తుకొచ్చారట, క్రోమ్‌ని ముందు పెట్టారా అని. లేదండీ, వరస ప్రతిసారీ మారుతుంది అని చూపిస్తే ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడు పనిచేసినవాళ్లలో ఒకరు పదేళ్ల తర్వాత ఇదంతా బయటపెట్టారు.

వరస మారడం అన్నాను కదా, కంప్యూటర్ సైన్స్ వాళ్లకి ఒక మంచి ముక్క ఉంది. యూరప్ ఒత్తిడితో 2010లో మైక్రోసాఫ్ట్ విండోస్‌లో ఒక తెర పెట్టింది, మీకు ఏ బ్రౌజరు కావాలో ఎంచుకోండి అని. మొదటి అయిదు బ్రౌజర్ల వరస ఎటూ మొగ్గకుండా కలపాలి. రాసినవాడు ఏం చేశాడు? జావాస్క్రిప్ట్‌లో వరసగా పేర్చే సార్ట్ ఫంక్షన్‌కి, రెండింటిలో ఏది ముందో తోచినట్టు చెప్పు అని ఇచ్చాడు. చూడటానికి కలిపినట్టే ఉంటుంది. కానీ సార్టింగ్ పద్ధతికి పోలికలు నిలకడగా ఉండాలి, లేకపోతే కొన్ని స్థానాలకి కొన్ని ఎక్కువగా వెళ్తాయి. లెక్కేసి చూస్తే, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే దాదాపు సగం సార్లు చిట్టచివరికి పోతోంది! మోసం చేశారని అందరూ అనుమానంగా చూస్తుంటే, తన సరుకుకే నష్టం. ఎటూ మొగ్గకుండా కలిపే ఫిషర్-యేట్స్ పద్ధతి సెకండియర్లో చెబుతారు కదా, పరీక్ష కోసం కాదు, ఇందుకోసం చదవండి. (నవ్వులు) తర్వాత దాన్ని సరిచేశారు. ఆపైన విండోస్ 7 సర్వీస్ ప్యాక్‌లో ఆ తెర రాకుండా పోయింది, ఏడాదికి పైగా ఎవరూ గమనించలేదు. 2013లో యూరప్ 56.1 కోట్ల యూరోల జరిమానా వేసింది.

2012 మేలో స్టాట్‌కౌంటర్ లెక్కల్లో క్రోమ్ మొదటి స్థానానికి వచ్చింది. అదే ఏడాది ఆండ్రాయిడ్ మీద కూడా వచ్చింది, ఆపైన ఫోన్లలో ముందే ఎక్కి రావడం మొదలైంది. ఇక బస్టాండు దానిదే. మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసినప్పుడు చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. ప్లే స్టోర్ మీద ఉన్న పట్టుతో క్రోమ్‌ని నిలబెట్టుకున్నారని.

ఓడిపోయినవాళ్లు ఏం చేశారు? ఇంజను, అంటే పేజీని విప్పి తెర మీద గీసే లోపలి భాగం, వదిలేశారు. 2013లో ఒపెరా తన సొంత ఇంజను పక్కన పెట్టి క్రోమియం, అంటే క్రోమ్‌కి పునాదిగా ఉన్న, ఎవరైనా వాడుకోగల కోడ్, తీసుకుంది. 2018 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ కూడా! మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల హయాంలోనే ఆ నిర్ణయం. వెయ్యిమందితో కట్టిన కోటని వదిలి, గూగుల్ పునాది మీద తమ ఎడ్జ్ బ్రౌజరు కట్టుకున్నారు. నేను దాన్ని తప్పనుకోను. ఇంజను గొడవ వదిలేసి, చోటు మీద, అంటే విండోస్ మీద, దృష్టి పెట్టారు. అదే నాదెళ్ల 2023లో గూగుల్ కేసులో సాక్ష్యం చెబుతూ, జనం పొద్దున లేస్తారు, పళ్లు తోముకుంటారు, గూగుల్‌లో వెతుకుతారు అన్నాడు. యాపిల్‌తో ఒప్పందం కోసం ఏటేటా ప్రయత్నించి విఫలమయ్యామని కూడా చెప్పాడు. ఇక యాపిల్ దారి ఇంకా సులువు. ఐఫోన్‌లో ఏ బ్రౌజరు పెట్టినా లోపల యాపిల్ వెబ్‌కిట్ ఇంజనే ఉండాలని నియమం. యూరప్ చట్టం వల్ల 2024లో అక్కడ సడలించారు. మీ ఐఫోన్లో ఉన్న క్రోమ్, లోపల సఫారీయే.

నా వాదనకి ఎదురు నిలిచే ఉదాహరణ ఒకటి ఉంది, దాచిపెడితే మోసం అవుతుంది. 2014లో ఫైర్‌ఫాక్స్ అమెరికాలో గూగుల్‌ని తీసేసి యాహూని డిఫాల్టు చేసింది. జనం ఒప్పుకోలేదు. చాలామంది సెట్టింగుల్లోకి వెళ్లి మళ్లీ గూగుల్ పెట్టుకున్నారు. 2017లో మొజిల్లా వెనక్కి తగ్గింది. అంటే చోటే సర్వం కాదు, టీ మరీ చప్పగా ఉంటే జనం రోడ్డు దాటుతారు. గూగుల్ లాయర్లు కోర్టులో పట్టుకున్నది ఈ ఉదాహరణనే. దానికి నా జవాబు: అది నిజమే అయితే, ఏడాదికి 2,000 కోట్ల డాలర్లు కట్టడం ఎందుకు? జడ్జి అమిత్ మెహతా కూడా 2024 ఆగస్టులో గూగుల్‌కి వ్యతిరేకంగానే తీర్పు చెప్పాడు. 2021లో ఇలాంటి డిఫాల్టుల కోసం గూగుల్ మొత్తం 2,630 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టిందన్న లెక్క కూడా ఈ కేసులోదే.

క్రోమ్‌ని అమ్మించాలని అమెరికా ప్రభుత్వం అడిగింది. పర్‌ప్లెక్సిటీ అనే ఏఐ కంపెనీ 3,450 కోట్ల డాలర్లకి కొంటానని ముందుకొచ్చింది, ఆ కంపెనీ విలువే అంత లేదు! 2025 సెప్టెంబరు 2న తీర్పు వచ్చింది. క్రోమ్ పుట్టిన రోజే, పదిహేడేళ్లకి. అమ్మక్కర్లేదు, డబ్బు కట్టడం కూడా మానక్కర్లేదు, వేరేవాళ్లని పెట్టకూడదనే షరతులు మాత్రం కుదరవు అన్నాడు. ఇందాక అన్నాను కదా, కోర్టులు ఆట అయిపోయాకే వస్తాయని. ఈసారి ఆట ఇంకా నడుస్తోంది, కోర్టు వచ్చింది, అయినా చోటు వ్యాపారాన్ని కదపలేదు.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పమ్మా.

"మేడమ్, ఏఐ బ్రౌజర్లు వస్తున్నాయి కదా. క్రోమ్‌ని గద్దె దించగలవా?"

2025లో పర్‌ప్లెక్సిటీ కామెట్, ఓపెన్ఏఐ అట్లస్ వచ్చాయి. రెండూ కట్టింది క్రోమియం మీదే. కామెట్ మొదట నెలకి 200 డాలర్లు కట్టేవాళ్లకి మాత్రమే, మూడు నెలలు తిరగకుండానే అందరికీ ఉచితం. పాత కథే. వీళ్ల ఆశ ఏమిటంటే, జనం పేజీలు తెరవడం మానేసి పని అప్పజెప్పడం మొదలుపెడతారని. టికెట్ బుక్ చెయ్యి, ఈ మెయిళ్ల సారాంశం చెప్పు అని. అదే జరిగితే వెతికే పెట్టె విలువ పడిపోతుంది, అప్పుడు గూగుల్‌కి నిజంగా టెన్షన్. కానీ ఒక చిక్కుంది. పేజీలో కంటికి కనబడకుండా రాసిన వాక్యాన్ని కూడా ఆ బ్రౌజరు చదువుతుంది, దాన్ని మీ ఆజ్ఞ అనుకుని పాటించే ప్రమాదం ఉంది. బ్రేవ్ బ్రౌజరు వాళ్లు కామెట్‌లో అలాంటి లోపాన్నే చూపించారు. మీ బ్యాంకు ఖాతా తెరిచి ఉన్న బ్రౌజరుకి ఇంకొకడు చెవిలో ఊదితే ఎలా? అది తేలేదాకా మీ నాన్నగారి ఫోన్లో మాత్రం పెట్టకండి. మనవైపు ఈ సరుకు జనం దగ్గరికి చేరే దారి చూస్తే, 2025 జులైలో ఎయిర్‌టెల్ తన ఖాతాదారులకి పర్‌ప్లెక్సిటీ ప్రో ఏడాదిపాటు ఉచితం అంది. 1996లో ఏఓఎల్ చేసిన పని అదే, సిమ్ కార్డు రూపంలో.

అక్కడ, నీలం చొక్కా బాబూ.

"మన దేశం సొంత బ్రౌజరు చేయలేదా మేడమ్?"

చేసింది కూడా. మన సాఫ్ట్‌వేర్ కంపెనీ జోహో వాళ్ల ఉలా ఉంది, 2023లో వచ్చింది. కేంద్రం పెట్టిన దేశీ బ్రౌజరు పోటీలో 2025లో మొదటి బహుమతి, కోటి రూపాయలు, వాళ్లకే. అదీ క్రోమియం మీదే, అందులో తప్పేం లేదు, మైక్రోసాఫ్ట్ చేయలేనిది మనం చేయాలని పట్టుపట్టక్కర్లేదు. నా సందేహం వేరే. ఆ కోటి రూపాయలు గూగుల్ యాపిల్‌కి కట్టే డబ్బులో నాలుగు నిమిషాలకి కూడా చాలవు, లెక్కేసుకోండి. ఫోన్ల మీద ముందే ఎక్కించే ఒప్పందాలు లేకుండా, దేశభక్తి మీద జనం దించుకుంటారని నేననుకోను. ఉలాకి ఉన్న దారి ఆఫీసులు. అక్కడ బ్రౌజరుని ఉద్యోగి ఎంచుకోడు, కంపెనీ ఐటీ విభాగం ఎంచుకుంటుంది. జోహోకి మెయిలు, లెక్కల సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీలు వేల సంఖ్యలో ఉన్నాయి, వాటి కంప్యూటర్లలోకి బ్రౌజరుని తీసుకెళ్లడం వాళ్లకి తెలిసిన పనే. డేటా బయటికి పోకుండా చూసుకునే ఎంటర్‌ప్రైజ్ వెర్షన్ కూడా పెట్టారు. ముందు అక్కడ నిలబడితే, ఫోన్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు.